అగ్నిపరీక్ష ఒకటే... ఆంతర్యాలు రెండు

ఆదోని మీదుగానూ, ఎమ్మిగనూరు మీదుగానూ మంత్రాలయానికి సాగే భక్తుల రాకపోకలకు అంతుండదు. తుంగభద్రా తీరాన 1671లో శ్రీ రాఘవేంద్రస్వామి సజీవంగా బృందావన ప్రవేశం చేసిన పుణ్యక్షేత్రమది. ఆనాటి ప్రహ్లాదుడే ఈ యుగంలో రాఘవేంద్రులుగా అవతరించాడని భక్తుల విశ్వాసం. అందువల్ల కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని భక్తుల ఇళ్లలో ప్రహ్లాద చరిత్ర ఎక్కడో జరిగిన పురాణగాథలా వినిపించదు. అది తమ ఊరి కథ, తమ ఇంటి కథ.

ఆ ఊళ్లలోనే క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. వారి మందిరాల్లో ఆదివారం పూట పిల్లలకు చెప్పే కథల్లో మరో అగ్నిగుండం ఉంది. ఆ కథలు ఈ ప్రాంతానికి నిన్నమొన్న వచ్చినవి కావు. ఆదోని 1953 వరకు బళ్లారి జిల్లాలో భాగం. ఆ బళ్లారిలో లండన్ మిషనరీ సొసైటీ 1810లోనే తన కేంద్రాన్ని నెలకొల్పింది.

బడిలో ఒకే బల్లమీద కూర్చునే పిల్లలు కథలు చెప్పుకోవడం సహజం. ఇంటికి వచ్చిన పిల్లవాడు నాయనమ్మను అడుగుతాడు: ‘అవ్వా, వాళ్ల కథలోనూ నిప్పులో వేస్తే కాలలేదట. అది మన ప్రహ్లాదుడి కథేనా?’

ఈ ప్రశ్నకు మన పెద్దలు సాధారణంగా రెండు జవాబులు చెబుతుంటారు. ‘మనది చూసి వాళ్లు రాసుకున్నారు’ అన్నది మొదటిది. ‘అన్నీ ఒకటే నాయనా’ అన్నది రెండవది. మొదటి జవాబు పొరుగువారి విశ్వాసాన్ని చిన్నబుచ్చుతుంది. రెండవది వినడానికి ఉదారంగానే ఉన్నా, ఏ కథనూ పూర్తిగా విననివ్వదు. ఇంతకన్నా మంచి జవాబు పిల్లవాడికి దక్కాలి.

రెండు అగ్నిగుండాలు

దానియేలు గ్రంథంలోని కథ ఇది. యూదులకూ క్రైస్తవులకూ పవిత్రమైన గ్రంథమది. బబులోను రాజు నెబుకద్నెజరు ఒక పెద్ద బంగారు ప్రతిమను నిలిపి, అందరూ దానికి సాగిలపడాలని శాసించాడు. షద్రకు, మేషాకు, అబేద్నెగో అనే ముగ్గురు యూదు యువకులు అందుకు ఒప్పుకోలేదు. అగ్నిగుండాన్ని ఏడింతలు మండించి వారిని అందులో వేయించాడు రాజు. వారిని మోసుకెళ్లిన భటులు ఆ వేడికి మరణించారు. ఆ ముగ్గురికీ వెంట్రుక కూడా కమలలేదు. పైగా మంటల నడుమ నాలుగో వ్యక్తి సంచరిస్తూ రాజు కంటపడ్డాడు.

ప్రహ్లాద చరిత్ర మనకు కంఠోపాఠమే. తననే దైవంగా కొలవమన్నాడు హిరణ్యకశిపుడు. కొలవనన్నాడు పసివాడు. ఏనుగులతో తొక్కించినా, పాములతో కరిపించినా, విషం పెట్టినా, నిప్పులో తోయించినా హరినామం వీడలేదు. అధికారమదంతో కన్నుగానని రాజు, అతడి ముందు తలవంచని బాల్యం లేదా యవ్వనం, మధ్యలో అగ్ని. కథాసూత్రం ఒకటే.

తేడాను దాచి పోలికను మాత్రమే చెప్పడం నిజాయితీ కాదు. ప్రతిమకు మొక్కరాదన్నది ఆ యువకుల ధర్మశాస్త్రంలోని ఆజ్ఞ. మన ఆలయ సంప్రదాయం వేరు. అయినా రెండు కథల్లోనూ రాజు కోరింది ఒకటే. మనిషి తన అంతరాత్మను కూడా సింహాసనానికి అప్పగించాలని!

పడుగూ పేకా

ఎమ్మిగనూరులో మగ్గం ఎరిగినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘంతో పేరుగాంచిన ఊరది. ముందుగా పడుగు సాగదీస్తారు. ఆ తరువాతే పేక నడుస్తుంది. ఒకే తీరు పడుగు మీద ఒకరు తువ్వాలు నేస్తారు, మరొకరు చీర నేస్తారు. పడుగు పోలింది గదా అని ఒక నేత మరొక నేతకు నకలని ఎవరూ అనరు. కథలూ అంతే. దుష్టుడైన రాజు, ఆపదలో ఉన్న శిశువు, వనవాసం, తిరిగిరావడం, దీనుడు ఉన్నతుడు కావడం... ఇవన్నీ మానవజాతి ఉమ్మడి పడుగు. కంసుడి చెరసాల, హేరోదు శిశుసంహారం ఆ పడుగు మీద పడిన వేర్వేరు నేతలు.

మన జనరంజక కళలు ఈ రహస్యాన్ని ఏనాడో గ్రహించాయి. తెలుగువారి తొలి పూర్తి నిడివి టాకీ 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’. 1978లో ఎ. భీంసింగ్ దర్శకత్వంలో వచ్చిన ‘కరుణామయుడు’ క్రీస్తు చరిత్రను తెలుగు తెరకెక్కించింది. అందులో క్రీస్తుగా నటించిన విజయచందర్, 1986లో ‘శ్రీ షిర్డీ సాయిబాబా మహత్యం’లో బాబాగా కనిపించారు. రెంటినీ తెలుగు ప్రేక్షకులు భక్తితోనే చూశారు. క్రీస్తు కథను హరికథగా, బుర్రకథగా చెప్పిన కళాకారులూ మన మధ్య ఉన్నారు. కరుణతో నిండిన మహానుభావుడి కథను ఎలా వినాలో మన ప్రేక్షకుడికి ఒకరు నేర్పవలసిన పని లేకపోయింది.

స్తంభం చీలిన చోట

పోలిక మనల్ని గుమ్మం దాకా తీసుకువెళుతుంది. లోపలికి వెళ్లాలంటే కథ ఎక్కడ దారి మళ్లిందో చూడాలి.

అగ్నిగుండం ముందు నిలిచిన ఆ ముగ్గురూ రాజుతో అన్న మాటల సారాంశం ఇది: మా దేవుడు మమ్మల్ని రక్షించగల సమర్థుడు. ఒకవేళ రక్షించకపోయినా సరే, మేము నీ ప్రతిమకు మొక్కం. ఈ ‘రక్షించకపోయినా సరే’ అన్న మాటే ఆ కథకు ప్రాణం. క్రైస్తవులు ఈ మాట వెంట నడిచి యేసుక్రీస్తు శిలువ దగ్గరకు చేరుకుంటారు.

‘ఏడీ నీ హరి? ఈ స్తంభంలో ఉన్నాడా?’ అని హిరణ్యకశిపుడు గద్దించాడు. స్తంభం పగిలి నరసింహుడు ఆవిర్భవించాడు. శిలువ చుట్టూ చేరినవారు కూడా దాదాపు ఇలాగే ఎగతాళి చేశారని సువార్తలు చెబుతున్నాయి. దేవుణ్ని నమ్ముకున్నాడు గదా, ఇప్పుడు ఆయన వచ్చి కాపాడనీ అన్నారు. కానీ అక్కడ ఏ కొయ్యా పగలలేదు. ఏ సింహగర్జనా వినిపించలేదు. మేకులు కొట్టిన దేహం ఆ కొయ్యమీదే ప్రాణం విడిచింది.

మన చెవికి ఇది కథ తప్పినట్టు తోస్తుంది. భక్తుణ్ని కాపాడని దేవుడేమిటి అనిపిస్తుంది. క్రైస్తవుడి విశ్వాసమంతా అక్కడే ఉంది. కాపాడవలసినవాడే ఆ కొయ్యమీద వేలాడుతున్నాడని, మనిషి పడే బాధను దూరం నుంచి చూడక తానే అనుభవించాడని, మూడవనాడు సమాధి నుంచి లేచాడని అతడు నమ్ముతాడు. మనం ఆ విశ్వాసాన్ని స్వీకరించనక్కరలేదు. అది మన కథకు నకలు కాదని గ్రహిస్తే చాలు.

కలిసిన చోటు

ఇన్ని తేడాల నడుమ రెండు కథలూ మళ్లీ ఒకచోట కలుసుకుంటాయి. ఉగ్రనరసింహుడు శాంతించి వరం కోరుకోమన్నప్పుడు, కోరికలే పుట్టని హృదయం కావాలన్నాడు ప్రహ్లాదుడు. ఆపై తండ్రి పాపం తొలగిపోవాలని ప్రార్థించాడు. తనను చంపబోయిన తండ్రి కోసం అడిగాడు! శిలువపై యేసు కూడా తనను హింసించినవారిని క్షమించమనే ప్రార్థించాడని లూకా సువార్త చెబుతుంది. పాముల నుంచి, మంటల నుంచి గట్టెక్కడం భగవంతుడి మహిమ. హింసించినవాడి మేలు కోరడం భక్తుడి మహిమ. వెండితెరలు, వేదికలు మొదటిదాన్ని కళ్లు చెదిరేలా చూపి, రెండవదాన్ని తరచూ రెప్పపాటులో దాటవేస్తుంటాయి. మనం కూడా పిల్లలకు కథ చెబుతూ స్తంభం చీలగానే ముగించేస్తుంటాం. అది లోపమే.

ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ గాథ ఈ ప్రాంతంలో తెలియనివారుండరు. స్వామిని పరీక్షించాలని పళ్లెంలో మాంసం ఉంచి, వస్త్రం కప్పి సమర్పించాడట. వస్త్రం తొలగిస్తే పూలూ పండ్లూ కనిపించాయట. పాత కథల ప్రకారమైతే అపచారం చేసినవాడికి శిక్ష పడాలి. ఇక్కడ స్వామి శపించలేదు. నవాబు పశ్చాత్తాపంతో సారవంతమైన గ్రామాలు ఇస్తానంటే, ప్రహ్లాదుడు యజ్ఞం చేసిన నేల అంటూ మంచాలను మాత్రమే కోరారని భక్తులు చెప్పుకుంటారు. ఆ మంచాలే నేటి మంత్రాలయం. అన్యమతస్థుడైన పాలకుడు తప్పు చేశాడు, తలవంచాడు, దాత అయ్యాడు. క్రైస్తవులు ఈ గాథ వింటే, తమవారిని హింసించిన సౌలు తరువాత పౌలుగా మారి క్రీస్తు బోధకుడైన వృత్తాంతాన్ని తలచుకుంటారు.

కాబట్టి ఈసారి పిల్లవాడు అడిగితే ఇలా చెబుదాం: ‘పోలిక ఉంది నాయనా. ఇద్దరి కథలోనూ నిప్పు ఉంది. మన కథలో స్వామి స్తంభంలోంచి వచ్చాడు. వాళ్ల దేవుడు శిలువ మీదే ఉండిపోయాడని వాళ్లు నమ్ముతారు. అదెందుకో నీ స్నేహితుణ్నే అడుగు. మన ప్రహ్లాదుడు చివరికి ఏం వరం అడిగాడో వాడికి నువ్వు చెప్పు.’

ఆ ఇద్దరు పిల్లలూ ఆ మాట దాకా వస్తే, రెండు ఇళ్లలోనూ కథ చెప్పిన ఫలం దక్కినట్లే.