మూసిన రోడ్డు, తెరచిన రోడ్డు



గత నెలలో గిద్దలూరు వైపున్న ఒక పల్లెలో గృహ ప్రార్థన ముగించుకొని బయలుదేరుచుండగా ఒక తల్లి మమ్మును పక్కకు పిలిచింది. "అయ్యగారూ, మీరన్నా చెప్పండి. నా మాట వాడి చెవికెక్కడం లేదు. చీకటి పడితే చాలు, స్నేహితులతో కలిసి దిగువమెట్ట దాకా బండ్ల పందెం పోతున్నాడు" అని కన్నీళ్ళు పెట్టుకొన్నది.

కుమారుని పిలిచి మంచము మీద కూర్చోబెట్టాము. ఇంకా ఇరవై యేండ్లు నిండలేదు. గద్దించవలెనని మేము నోరు తెరిచేలోగా వాడు సెల్‌ఫోను తీసి మా చేతిలో పెట్టి, "ముందు ఇది చూడండి అయ్యగారూ, తరువాత తిట్టండి" అన్నాడు.

చూశాము. దాచుట ఎందుకు, కన్ను తిప్పుకోలేకపోయాము. ఇంగ్లాండుకు, ఐర్లాండుకు నడుమ సముద్రములో మాన్ అనే చిన్న ద్వీపము ఉన్నది. అక్కడ 1907 నుండి మోటారు సైకిళ్ళ పందెములు జరుగుచున్నవి. పందెము కొరకు కట్టిన మైదానము కాదు, జనులు దినమెల్ల తిరిగే రోడ్డే. ఇళ్ళ గోడలను, దీప స్తంభములను రాసుకొంటున్నట్టే బండ్లు దూసుకొనిపోతాయి. ఒక్క చుట్టు 60 కిలోమీటర్లకు పైన. 200 మించిన మలుపులు, మధ్యలో కొండ. ఇంచుమించు మన మార్కాపురం నుండి గిద్దలూరు వరకు అనుకొనండి. ఆ చుట్టును 2023లో పీటర్ హిక్‌మన్ అనే ఆయన 16 నిమిషముల 36 సెకండ్లలో పూర్తి చేశాడు. సగటున గంటకు 219 కిలోమీటర్లు! అంత దూరము మన బస్సులో ఎంత సేపు పడుతుందో మేము చెప్పనక్కరలేదు. 1907లో మొదటిసారి గెలిచినవారిలో ఒకడైన చార్లీ కొలియర్ సగటు వేగము గంటకు 61 కిలోమీటర్లే.

రథము తోలే తీరును బట్టియే, ముఖము కనబడక మునుపే, వచ్చువాడు యెహూ అని కావలివాడు గుర్తుపట్టిన సంగతి మీరు చదివియున్నారు. వేగము మీద మనిషికి మోజు క్రొత్తది కాదు.

అందుచేత ఆ పిల్లవానితో, ఇది నేర్పు కాదని మేము అబద్ధమాడలేదు. నేర్పే. అయితే ఆ నేర్పు ఎక్కడున్నదో చూడమన్నాము. ఫోనులో కనబడేది యాక్సిలేటరు తిప్పే చెయ్యి మాత్రమే. గంటకు 300 కిలోమీటర్ల వేగములో మనిషి సెకనుకు 83 మీటర్లు పోతాడు. మలుపు కనబడిన తరువాత ఆలోచిద్దామంటే అప్పటికే గోడ దగ్గర ఉంటాడు. గనుక ఏ మలుపు తరువాత ఏ మలుపు, ఎక్కడ రోడ్డు ఎగుడు దిగుడు, ఎక్కడ చెట్ల నీడన తడి ఆరదు, అంతా కంఠతా రావాలి. దానికి సంవత్సరములు పడతాయి. అందరినీ ఒక్కసారి వదలరు, 10 సెకండ్లకు ఒకరిని పంపుతారు, పోటీ గడియారముతోనే. అన్నిటికంటె ముఖ్యము, చట్టప్రకారము ఆ రోడ్డు మూసివేస్తారు. పొడవునా వందలమంది స్వచ్ఛందముగా కాపలా నిలుస్తారు. కొండ మీద పొగమంచు దిగితే పందెము ఆపివేస్తారు.

ఇంత చేసినా, 1911 నుండి ఆ కొండ దారిలో పోటీలలోను సాధనలోను కలిపి 260 మందికి పైగా పందెగాళ్ళు ప్రాణములు విడిచారు.

జోయీ డన్‌లప్ అని ఉత్తర ఐర్లాండు మనిషి. అక్కడ 26 సార్లు గెలిచాడు. బియ్యము, బట్టల వంటి సహాయము మనమూ పంపుతాము గాని, ఆయన వ్యానులో సామాను నింపుకొని తానే తోలుకుంటూ రొమేనియాలోని అనాథ శరణాలయముల దాకా పోయేవాడు. ఆ సేవకు 1996లో బ్రిటిషు ప్రభుత్వము బిరుదు ఇచ్చింది. అటువంటివాడు 2000లో ఎస్టోనియా దేశములో తడి రోడ్డు మీద పందెములో చనిపోయాడు. తమ్ముడు రాబర్ట్ 2008లో, రాబర్ట్ కుమారుడు విలియం 2018లో, ఇద్దరూ బండి మీదనే. ఒక్క ఇంటిలో మూడు సమాధులు. విలియం తమ్ముడు మైఖేల్ మాత్రము పోటీ మానలేదు, 2025 నాటికి 33 గెలుపులతో అందరినీ మించాడు. ఆ ఇంటి స్త్రీలను తలచుకొంటే మాకు మాట రాలేదు.

ఇటలీవాడైన అగోస్తినీ సంగతి చెప్పినప్పుడే పిల్లవాడు తల ఎత్తాడు. 15 సార్లు ప్రపంచ విజేత, ఆ ద్వీపములోనే 10 సార్లు గెలిచినవాడు. 1972లో తోటి పందెగాడు పార్లొత్తి అక్కడ వానలో పడి చనిపోగా, ఇక ఇక్కడ పోటీ చేయనన్నాడు. మరల చేయలేదు. మరికొందరు కూడా మానుకొన్నారు. 1976తో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆ పందెమునకు చోటు పోయింది. అతడు పిరికివాడా అని అడిగాము. జవాబు లేదు.

అప్పుడు, "కళ్ళు మూసుకొని మీ ఊరినుండి దిగువమెట్ట దాకా రోడ్డు చెప్పు నాయనా" అన్నాము. హుషారుగా మొదలుపెట్టాడు. వంతెన, పెట్రోలు బంకు, పెద్ద మలుపు. నడుమ తల్లి అందుకొన్నది. "ఆ మలుపు కాడ మీ పెదనాయన గేదెలు అడ్డం వస్తాయిరా. ఈ నెలంతా రోడ్డు మీద జొన్నలు ఎండబోశారు. బడి పిల్లలు నిలబడేది చెప్పవేం?" వాడు చెప్పలేదు, వానికి తెలియదు. నడిచిపోయే తల్లికి తెలుసు.

మేమును ఒకటి ఒప్పుకొనవలసి వచ్చింది. కొన్ని సంవత్సరముల క్రితము కంభం దాటిన తరువాత, ప్రార్థనకు ఆలస్యమైనదని చీకటిలో 80 మీద పోతూ, ఎవరో ధాన్యము చుట్టూ పేర్చి వదిలేసిన రాళ్ళకు తగులుకొన్నాము. వేగము 40 నుండి 80 అయితే రెట్టింపే గాని, బ్రేకు పట్టిన తరువాత బండి ఆగే దూరము నాలుగింతలవుతుందని అప్పుడు మాకు తెలియదు. హెల్మెట్ ట్యాంకు మీదనే ఉన్నది. కాలరు ఎముక విరిగి రెండు నెలలు అమ్మగారే అన్నము కలిపి పెట్టవలసి వచ్చింది. రాళ్ళు పెట్టినవారిని చాలా రోజులు తిట్టుకొన్నాము, మా చేతిని తిట్టుకోలేదు. ఇది విని పిల్లవాడు నవ్వాడు. నవ్వనిచ్చాము.

మొన్న గురువారము ప్రార్థనకు వాడే మమ్మును వెనుక కూర్చోబెట్టుకొని తీసుకొనిపోయాడు. హెల్మెట్ పెట్టుకొన్నాడు. పెద్ద మలుపు ముందు గేరు తగ్గించాడు. రాత్రి పందెములు మానినాడా అంటే, మేము అడగలేదు, వాడు చెప్పలేదు. బండి చప్పుడు ఇంటి ముందు వినబడే వరకు తల్లి ఇంకా నిద్రపోవడము లేదట.