ఫ్రీగా ఇస్తున్నాం కదా అని క్యాన్సిల్ చేసేస్తారా?

నా పాత ఫోన్‌ని పక్కన పడేయకుండా బోయింక్ యాప్ వేశా. రాత్రి చార్జింగ్‌లో పెడితే సైన్స్ ప్రాజెక్టుల లెక్కలు చేస్తుంది. మొన్న ఒక ప్రాజెక్ట్ కొత్త వెర్షన్ వదిలి, పాత వెర్షన్ టాస్కులన్నీ సర్వర్ నుంచే క్యాన్సిల్ చేసింది. నాలుగు రాత్రుల పని గోవిందా!

వాళ్ల భయం నాకూ తెలుసు. చాలా ప్రాజెక్టులు ఒకే టాస్క్‌ని ఇద్దరికి పంపి, రెండు జవాబులూ కలిస్తేనే ఒప్పుకుంటాయి. వెర్షన్లు వేరైతే దశాంశాల్లో చిన్న తేడా రావచ్చు. కానీ ఒక టాస్క్ కాపీలన్నీ ఒకే వెర్షన్‌తో నడిచేలా చేసే సెట్టింగ్ బోయింక్ సర్వర్‌లోనే ఉంది. మొదలైన టాస్క్ పాత వెర్షన్‌తోనే పూర్తవుతుంది, కొత్తవి కొత్తదానితో నడుస్తాయి. పాత వెర్షన్‌లో పెద్ద బగ్ ఉంటే ఆపండి, తప్పులేదు. కానీ కారణం ఒక్క ముక్క చెప్పండి.

ఇంకోటి, టెస్ట్ వెర్షన్లు నడుపుతామని ముందే ఒప్పుకున్న వాలంటీర్లు ఉంటారు. ముందు వాళ్లకి పంపి, తర్వాత అందరికీ ఇవ్వొచ్చుగా?

మేం డబ్బులు అడగట్లేదు. కరెంటు బిల్లు మాదే, ఫోన్ బ్యాటరీ మాదే. ఆ రాత్రులకి కాస్త విలువివ్వండి చాలు.