ఖర్చు లేని న్యాయం

2021 ఏప్రిల్‌లో ఖరగ్‌పూర్ ఐఐటీ అధ్యాపకురాలొకరు ఆన్‌లైన్ తరగతిలో దళిత, ఆదివాసీ, వికలాంగ విద్యార్థులను దూషించారు. వీడియో బయటకు రాగానే దేశమంతటా ఆగ్రహం పెల్లుబికింది. సంస్థ ఆమెను సస్పెండ్ చేసింది. నిరసన ప్రకటనలు వెల్లువెత్తాయి. అవి అవసరమే. కానీ అది ఏ తరగతి? రిజర్వుడు వర్గాల పిల్లలను డిగ్రీ చదువుకు సిద్ధం చేసే కోర్సులో ఇంగ్లీషు తరగతి. ఏ భాషను వారికి ప్రత్యేకంగా నేర్పవలసి వచ్చిందో, వారి పక్షాన వాదం ప్రధానంగా ఆ భాషలోనే సాగింది.

ఇది యాదృచ్ఛికం కాదు. 'ప్రివిలేజ్', 'ఇంటర్‌సెక్షనాలిటీ' వంటి మాటలు అణచివేతను వివరించడానికి పుట్టినవే. మన విద్యాధికుల నోట అవి హోదాకు గుర్తులయ్యాయి. ఖరీదైన చదువు చదివినవారికే అవి తడబాటు లేకుండా పలుకుతాయి. ఆ పరిభాష తెలియని రైల్వే కార్మికుడు వారి దృష్టిలో సంస్కారం లేనివాడు. కుల వివక్షను అనుభవించినవాడికి దాన్ని గురించి పాఠం చెప్పే అధికారం వీరికి దక్కుతుంది.

పరీక్ష ఒక్కటే: న్యాయం పలికినవాడు ఏం వదులుకున్నాడు? కేంద్ర విద్యాసంస్థల అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్లకు పార్లమెంటు 2019లో చట్టం చేసింది. మరుసటి ఏడాదే ఐఐటీ ఢిల్లీ డైరెక్టర్ అధ్యక్షతన కేంద్రం నియమించిన కమిటీ, ఐఐటీలను దాన్నుంచి మినహాయించాలని సిఫారసు చేసింది. వీడియో చూసి కదిలిపోయిన ఆచార్యులలో ఎందరు తమ శాఖలో ఖాళీగా ఉన్న రిజర్వుడు పోస్టు కోసం తోటివారితో తగవు పెట్టుకున్నారు?

ఇదే ఊరి రైల్వే కార్మికులకు మరో రకం విద్యావంతుడు తెలుసు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివిన వి.వి.గిరి గాంధీ పిలుపుపై వకీలు వృత్తిని వదిలారు. 1920లలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేసి, ఉద్యోగాలు పోయినవారి కోసం సమ్మె నడిపారు. ఆయన చదువు కార్మికుల అర్జీలకూ బేరసారాలకూ పనికివచ్చింది.

ఈ మాట అనగానే చప్పట్లు కొట్టే మరో వర్గం ఉంది. సామాజిక న్యాయమే బూటకమని వారి వాదన. వారితో నాకు పొత్తు లేదు. న్యాయం కావలసిందే. అయితే దాని ఖర్చు తమ కుర్చీ దాకా వచ్చినప్పుడు కూడా ఇదే గొంతుతో మాట్లాడేవారినే నమ్ముదాం.