వంటింట్లో కాస్టిక్ సోడా

విజయవాడలో డ్వాక్రా మహిళల ప్రదర్శనలకు వెళ్ళేవారికి, పచ్చళ్ళ సీసాల పక్కన ఇంట్లో చేసిన సబ్బులు ఇప్పుడు కొత్త కాదు. వేప, పసుపు, మేకపాలు, బొప్పాయి... ఒక్కొక్కటి ఒక్కో రంగు. కొందరు గృహిణులు వాట్సాప్ ద్వారానే అమ్ముకుంటున్నారు. సొంతంగా నాలుగు రూపాయలు సంపాదించుకోవాలన్న వారి పట్టుదలను మనసారా అభినందిస్తాను. అయితే ఆ సబ్బుల మీద తరచుగా కనిపించే ఒక మాట నన్ను కలవరపెడుతున్నది: ‘కెమికల్స్ లేని సబ్బు’.

అటువంటి సబ్బు లోకంలో లేదు. నూనెకు క్షారం తోడైతేనే సబ్బు అవుతుంది. గట్టి సబ్బుకు వాడే క్షారం సోడియం హైడ్రాక్సైడ్, అనగా కాస్టిక్ సోడా. కుంకుడుకాయ, సున్నిపిండి మురికిని వదిలిస్తాయి గాని అవి సబ్బులు కావు. బజారులో దొరికే సోప్ బేస్‌ను కరిగించి అచ్చులో పోసేవారికి కాస్టిక్‌తో పని ఉండదు. ఆ పని వేరొకరు ముందే చేసి పెట్టారు, అంతే. కొలత సరిగా ఉండి, సబ్బు నాలుగు నుండి ఆరు వారాలు ఆరితే కాస్టిక్ అంతా నూనెతో కలిసి సబ్బుగా, గ్లిజరిన్‌గా మారిపోతుంది. కాబట్టి దీనిలో దాచవలసింది ఏమీ లేదు.

చిక్కంతా కొలతలోనే ఉన్నది. వంద గ్రాముల కొబ్బరినూనె సబ్బుగా మారడానికి సుమారు 18 గ్రాముల కాస్టిక్ కావాలి. అదే బరువు నువ్వుల నూనెకు గాని, మన మిల్లుల తవుడు నుండి తీసే నూనెకు గాని 13 గ్రాముల చిల్లర సరిపోతుంది. కొబ్బరినూనె ధర పెరిగిందని నూనె మార్చి, కాస్టిక్ పాత లెక్కనే వేస్తే, నాలుగైదు గ్రాములు సబ్బులోనే మిగిలి కొన్నవారి ఒంటిని కాలుస్తుంది. చెంచాలతో, గ్లాసులతో కొలవమని చెప్పే వీడియోలను నమ్మకండి. గ్రాముల తూకం ఉండాలి. అవసరమైన దానికన్నా నూటికి ఐదు వంతులు తక్కువ కాస్టిక్ వేయడం క్షేమం.

ఇక వైద్యునిగా నన్ను భయపెట్టేది ఆ ఇంటి పసిపిల్లల సంగతి. కాస్టిక్ కలిపిన నీళ్ళు చూపునకు మంచినీళ్ళలాగే ఉంటాయి. పాత నీళ్ళ సీసాలో పోసి గట్టు మీద పెడితే పిల్లవాడు దాహానికి ఎత్తి తాగుతాడు. యాసిడ్ కన్నా క్షారం కణజాలంలోకి లోతుగా దిగుతుంది. నోటిలో పుండు కనిపించకపోయినా అన్నవాహిక కాలిపోయి ఉండవచ్చు. కొన్ని వారాల తరువాత అది కుంచించుకుపోయి మెతుకు దిగదు. ఆ దారిని వెడల్పు చేయించుకోవడానికి ఏళ్ళ తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగే పిల్లలున్నారు. ఏ సబ్బు లాభమూ దీనికి సాటి రాదు.

పొరపాటున తాగితే వాంతి చేయించకండి. విరుగుడని నిమ్మరసం, వెనిగర్ పట్టకండి. నోరు కడిగి వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. కంటిలో గాని ఒంటి మీద గాని పడితే కుళాయి నీటి ధార కింద కనీసం ఇరవై నిమిషాలు ఆగకుండా కడగాలి; కన్నయితే ఆ తరువాత కంటి వైద్యునికి చూపించి తీరాలి. కలిపేటప్పుడు నీటిలో కాస్టిక్ వేయాలి గాని, కాస్టిక్ మీద నీరు పోయరాదు. ఒక్కసారిగా మరిగి ముఖాన చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నెలు అసలే పనికిరావు. డబ్బాను నేల మీద కాక, తాళం వేసిన ఎత్తైన అరలో ఉంచండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్ళలోకి నీరు వచ్చిన సంగతి మనకు తెలిసినదే. నేల మీది కాస్టిక్ డబ్బా అటువంటి నీటిలో తెరుచుకుంటే ఏమవుతుందో ఆలోచించండి.

అమ్మేటప్పుడు చెప్పే మాటలలోనూ నిజాయితీ కావాలి. మంచి సబ్బు పీహెచ్ కూడా తొమ్మిది, పది మధ్య ఉంటుంది. మన చర్మానిది ఐదున్నరకు అటూ ఇటూ. కాబట్టి వేప వేసినంత మాత్రాన తామర తగ్గదు. గజ్జి ఉన్న పిల్లల చర్మం మరింత పొడిబారవచ్చు. బొల్లి తగ్గిస్తుందని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

అమ్మకానికి సబ్బు తయారు చేయాలంటే లైసెన్సు కావాలన్న సంగతి చాలామందికి తెలియదు. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం మొదట సబ్బును మినహాయించింది. 1982 సవరణతో ఆ మినహాయింపు పోయింది. ఇప్పుడు 2020 కాస్మెటిక్స్ నియమాల ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ అనుమతి పొందాలి. చిరునామా, వాడవలసిన గడువు, పదార్థాల పేర్లు సబ్బు మీద ఉండాలి. రెండు గదుల ఇంట్లో నెలకు వంద సబ్బులు చేసే మహిళ ప్రత్యేక వసతి ఎక్కడ చూపగలదు? నియమం సరైనదే, కాని దాని బరువు ఆమె ఒక్కతే మోయలేదు. మండలానికి ఒక షెడ్డు, నాలుగు తూకాలు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు, ధారాళంగా నీరు, అందరికీ కలిపి ఒక లైసెన్సు ఏర్పాటు చేస్తే కాస్టిక్ వంటింటి గడప దాటి బయటకు పోతుంది. పర్యవేక్షణకు పెద్ద చదువులు కూడా అక్కరలేదు. ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివి ఉత్తీర్ణులైనవారిని నియమాలు అంగీకరిస్తాయి. అటువంటి అమ్మాయిలు డెల్టాలో ప్రతి ఊరిలోనూ ఉన్నారు.