పంపినవారికీ పాలుంది



ముప్పైయేళ్లకు పైగా పిల్లలకు వ్యాకరణం చెప్పాను. చేయు–చేయించు, చదువు–చదివించు అంటూ ప్రేరణార్థకాలను నల్లబల్లపై ఎన్నిసార్లు వ్రాశానో! వాటి అసలు అర్థం మాత్రం పదవీ విరమణ తరువాత, నా ఇంట్లోనే బోధపడింది.

మా చిన్నవాడు ఒక సాయంకాలం విజయవాడ నుండి మోటారుసైకిలు మీద వస్తున్నాడు. చీకటి పడుతోందన్న ఆదుర్దాతో "ఎక్కడున్నావు?" అని సందేశం పంపాను. జవాబు లేదు. మరొకటి, ఇంకొకటి పంపాను. నాలుగవదానికి "వస్తున్నా" అన్నాడు. ఊరుకోక "ఎంతసేపు?" అన్నాను. ఆ తరువాత ఆసుపత్రిలో వాడి ఫోను నా చేతికిచ్చారు. తెరపై పంపని జవాబు సగం కనిపించింది: "ఇంకో పది". మణికట్టు విరిగింది, ప్రాణం దక్కింది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. 5 సెకన్లు తెర చూస్తే 80 మీటర్లకు పైగా కళ్లు మూసుకొని నడిపినట్లే. పైగా మన లిపి సంగతి మీకు తెలియనిదా? 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి యూనికోడులో ఆరు సంకేతాలు కావాలి. కుదురుగా కూర్చున్నవారికే తడబాటు తప్పదు గదా!

మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణ, నడుపుతూ ఫోను చేతపట్టి వాడటాన్ని 184వ సెక్షను క్రింద ప్రమాదకరమైన డ్రైవింగుగా చేర్చింది. మొదటి తప్పుకు 1,000 నుండి 5,000 రూపాయల జరిమానా గాని, 6 నెలల నుండి ఏడాది వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. మంచిదే. అయితే చట్టం కర్తనే పట్టుకుంటుంది. కారయిత ఇంట్లో పడకకుర్చీలో ఉంటాడు! కర్తతో బాటు కారయితకూ ఫలంలో పాలుందని పెద్దలు ఊరకే అనలేదు.

"జవాబీయక ఊరుకోవలసింది అతడే కదా" అనవచ్చు మీరు. నిజమే. కాని తండ్రి అన్నిసార్లు అడిగితే పలుకకుండా ఉండరాదన్న సంస్కారం వాడికి నేర్పినది నేనే.

ఇప్పుడు మా ఇంట రెండే సందేశాలు: "బయలుదేరాను", "చేరాను". నడుమ ఎవరూ పలుకరించరాదు. ఆ నడిమి వేళ నాకు కష్టంగానే ఉంటుంది. వీధి అరుగు మీద కూర్చుంటాను. ఉత్తరం వేసి జవాబుకై వారాలు ఆగిన తరం మాది. ఒక గంట ఆగలేమా?

మీ ఇళ్లలో ఏ పద్ధతి పాటిస్తున్నారో వ్రాయగోరుతాను.