విహారవాహిని – పగడాల దీవిలో బస ఎక్కడ?

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కుమారుడు, కోడలు తమను వారం రోజులపాటు కరీబియన్ సముద్రంలోని బొనేర్ ద్వీపానికి తీసుకొనిపోదలచారని, వారిద్దరూ స్కూబా డైవింగ్ నేర్చినవారని, తమ దంపతులకు మాత్రం ఈత కూడా రాదని, బస ఎక్కడ కుదుర్చుకుంటే అందరికీ అనుకూలంగా ఉంటుందో ఈ శీర్షికలో వివరించవలసిందని ఒక పాఠకురాలు వ్రాశారు. కుమారుడు పంపిన హోటళ్ల చిత్రాలన్నీ ఒకే తీరున అందంగా ఉన్నాయట. వాటిని చూచి నిర్ణయానికి రావడం తమవల్ల కావడం లేదని ఆమె వాపోయారు. పిల్లలు విదేశాలలో స్థిరపడిన కుటుంబాలు మనలో అనేకం ఉన్నాయి గనుక, సమాధానాన్ని కొంత విస్తరించి వ్రాస్తున్నాను.

హోటల్ చిత్రంలో మంచం కనిపిస్తుంది, కిటికీలోనుండి నీలి సముద్రం కనిపిస్తుంది. గాలి ఏ దిక్కునుండి వీస్తున్నదో కనిపించదు. వీపున సిలిండరు మోస్తున్న మనిషి నీటిదాకా ఎంత దూరం, ఎటువంటి నేలమీద నడవాలో అసలే కనిపించదు. స్కూబా కోసం పోయేవారు ముందుగా సముద్రాన్ని ఎన్నుకొని, ఆ తరువాత దానికి దగ్గరగా గదిని వెదకుకోవాలి. మామూలు విహారయాత్రలో మనం చేసేది ఇందుకు విరుద్ధం.

బొనేర్ వెనిజులా తీరానికి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న దీవి. వైశాల్యం 288 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 25,000. 2010 సంవత్సరం నుండి నెదర్లాండ్స్ దేశంలో ఒక ప్రత్యేక పురపాలక ప్రాంతంగా ఉన్నది. 2011 నుండి చెలామణిలో ఉన్నది అమెరికా డాలరు. ప్రజల నోట పలికేది పాపియమెంటు భాష. కరీబియన్ అనగానే పచ్చని చెట్లు, పొడవైన ఇసుక తిన్నెలు ఊహించుకొని వెళ్లేవారికి ఇక్కడ కొంత ఆశాభంగం తప్పదు. వాన తక్కువ. ఎటు చూచినా బ్రహ్మజెముడు జాతి మొక్కలు, ముళ్లపొదలు, మేకలు, రోడ్డుకు అడ్డంగా నిలబడే గాడిదలు. అనంతపురం జిల్లాను తీసుకొనిపోయి సముద్రం నడుమ ఉంచినట్లుంటుంది. ఈ దీవి ఐశ్వర్యం నీటి అడుగున ఉన్నది.

ఇక గాలి సంగతి. ఏడాదిలో అధికభాగం ఇక్కడ తూర్పుగాలులు నిలకడగా వీస్తాయి. అందువల్ల తూర్పు తీరాన కెరటాలు రాళ్లను ఢీకొంటూ ఉంటాయి. అనుభవం లేనివారు అక్కడ నీటిలో దిగరాదు. దీవి అడ్డుండడం వల్ల పడమటి తీరం మాత్రం చెరువువలె ప్రశాంతంగా ఉంటుంది. ఆ తీరానికి ఎదురుగా, ఒక కిలోమీటరు లోపే, క్లైన్ బొనేర్ అనే నిర్జన ద్వీపం మరొక రక్షణగా నిలిచి ఉన్నది. రాజధాని క్రాలెండైక్, విమానాశ్రయం, డైవర్ల హోటళ్లలో అత్యధిక భాగం పడమటి తీరాననే ఉండడానికి కారణం ఇదే. కనుక ‘సముద్రాభిముఖం’ అని ప్రకటనలో చూచినప్పుడు, ఏ సముద్రానికి అభిముఖమో ముందు అడగాలి.

పడమటి తీరంలో పగడపు దిబ్బ ఒడ్డునుండి కొద్ది గజాలలోనే మొదలవుతుంది. సుమారు 10 మీటర్ల లోతు దాకా మెల్లగా దిగి, అక్కడినుండి ఏటవాలుగా అగాధంలోనికి జారిపోతుంది. పడవ ఎక్కవలసిన అవసరం లేదు. తీరం వెంబడి రోడ్డు ప్రక్కన పసుపురంగు పూసిన రాళ్లపై డైవింగ్ స్థలాల పేర్లు వ్రాసి ఉంటాయి. జత డైవర్లు ఆ రాయి వద్ద బండి ఆపి, సిలిండరు తగిలించుకొని, తమంత తాముగా నీటిలోనికి నడచిపోతారు. ఈ స్వేచ్ఛ కోసమే ప్రపంచం నలుమూలలనుండి ఇక్కడికి వస్తారు.

అన్ని దీవులలోను ఈ వీలు ఉండదు. మెక్సికోకు చెందిన కొజుమెల్‌లో ప్రవాహం బలమైనది. డైవర్లు పడవలో పోయి, ప్రవాహంతోబాటు కొట్టుకొనిపోతూ దిబ్బలను చూస్తారు, పడవ వారిని వెంబడించి ఎక్కించుకొంటుంది. పేరుపొందిన పలాన్‌కార్ దిబ్బలు నైరుతి దిక్కున ఉన్నాయి. సాన్ మిగెల్ పట్టణంలో బస చేస్తే భోజనశాలలు చేరువ, పడవ ప్రయాణం దీర్ఘం. దక్షిణాన బస చేస్తే దిబ్బలు చేరువ, సాయంకాలం పోవడానికి చోటు ఉండదు. సాబా దీవి తీరు మరొకటి. అది సముద్రంనుండి నిటారుగా లేచిన అగ్నిపర్వతం. ఊళ్లన్నీ కొండమీద, పడవల రేవు కొండ క్రింద. గదినుండి సముద్రంలో దిగడం అనే మాటే అక్కడ లేదు. డైవింగ్ ముగించిన రోజున అక్కడి 887 మీటర్ల శిఖరం ఎక్కరాదన్న నియమం కూడా పాటించాలి. దాని కారణం ముందు చెబుతాను.

బొనేర్‌కు తిరిగి వద్దాం. ఇక్కడ బసలు ముఖ్యంగా మూడు విధాలు.

మొదటిది డైవర్ల కోసమే కట్టిన హోటలు. ఈ దీవిలో ఇటువంటి ఏర్పాట్లకు ఆద్యుడు డాన్ స్టూవర్ట్ అనే అమెరికన్ నావికుడు. 1962లో పడవపై వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, 2014లో మరణించేవరకు పగడాల రక్షణకు పాటుపడ్డాడు. ‘కెప్టెన్ డాన్’ అంటేనే ద్వీపవాసులు గుర్తిస్తారు. ఈ తరహా హోటలుకు సొంత జెట్టీ ఉంటుంది. జెట్టీ క్రిందనే దిబ్బ. నింపిన సిలిండర్లు అక్కడే వరుసగా పేర్చి ఉంటాయి. సామాను కడుక్కొనేందుకు మంచినీటి తొట్లు, ఆరబెట్టుకొనేందుకు గది, తాళం వేసుకొనే అరలు ఉంటాయి. ఉదయం కాఫీకి ముందొకసారి, చీకటి పడిన తరువాత లాంతరుతో ఒకసారి దిగవచ్చు. ఖర్చు ఎక్కువే. అయితే గది అద్దెలో సిలిండర్లు చేరి ఉన్నాయా లేదా అన్నది చూడకుండా ఎక్కువ తక్కువలు నిర్ణయించరాదు. రోజుకు మూడుసార్లు దిగేవారికి ఆ లెక్క తారుమారవుతుంది.

రెండవది వంటగదితో కూడిన అద్దె ఇల్లు. విమానాశ్రయానికి దక్షిణంగా బెల్నెమ్ అనే పేటలో ఇవి చాలా ఉన్నాయి. దక్షిణ తీరపు స్థలాలు, 1984లో మునిగిన ‘హిల్మా హూకర్’ ఓడ, ఉప్పు ఎగుమతి చేసే రేవు స్తంభాలు దగ్గర. కాని ఇక్కడ పికప్ ట్రక్కు అద్దెకు తీసుకోక తప్పదు. ఒక్కొక్క సిలిండరు బరువు 15 కిలోలకు పైమాటే. రోజూ వాటిని తెచ్చుకొని, మొనదేలిన పగడపు రాళ్లమీదుగా మోసుకొంటూ నడవాలి. ఉత్తరాన ‘వెయ్యి మెట్లు’ అనే స్థలం ఉన్నది. మెట్లు నిజానికి వందలోపే. సిలిండరు మోసుకొంటూ తిరిగి ఎక్కేవారికి వెయ్యి అనిపిస్తాయి కనుక ఆ పేరు స్థిరపడింది. ట్రక్కు తీరాన నిలిపినప్పుడు అందులో విలువైన వస్తువేదీ ఉంచరాదు. చిల్లర దొంగతనాలు అక్కడా ఉన్నాయి. పాస్‌పోర్టులు బసలోనే భద్రపరచాలి.

మూడవది పట్టణానికి ఉత్తరాన కొండవాలున ఉన్న విల్లాలు. గాలి బాగా వస్తుంది, సూర్యాస్తమయం మనోహరం. డైవర్లకు, కాలినడకన తిరగదలచిన పెద్దలకు ఇవి రెండు విధాలా దూరం. చిత్రాలలో అన్నిటికంటె అందంగా కనిపించేవి ఇవేనని మన పాఠకురాలు గ్రహించవలె. తూర్పున సొరొబాన్ వద్ద కూడా బసలు ఉన్నాయి. లాక్ అనే ఉప్పుటేరు నడుములోతు నీటితో తెరచాప పలకల క్రీడకు ప్రసిద్ధి. ఒక పూట వినోదానికి తప్ప డైవర్ల నివాసానికి అది తగదు.

ఈ కుటుంబానికి నేను సూచించేది క్రాలెండైక్ పట్టణం నుండి నడచిపోగల దూరంలో, పడమటి తీరాన, వంటగది, జెట్టీ రెండూ ఉన్న బస. కారణం సులభమే. ట్రక్కు తీసుకొని పిల్లలు ఉత్తరానికి పోయిన పూట, పెద్దలు బంధితులు కారాదు. ఈ దీవిలో మనవలె ఎక్కడ చేయి చాపితే అక్కడ ఆగే బస్సులు లేవు. పట్టణంలో ఉంటే తీరం వెంట నడవవచ్చు, దుకాణాలకు పోవచ్చు, నీటి టాక్సీలో క్లైన్ బొనేర్‌కు పోయి రావచ్చు. లోతు తక్కువైన చోట, లైఫ్ జాకెట్‌తో, తోడు మనిషి ఉండగా, నీటి అద్దం పెట్టుకొని చేపలను చూడడానికి ఈత రాకపోవడం పూర్తిగా అడ్డంకి కాదు. కుళాయి నీరు శుద్ధిచేసిన సముద్రజలం, నిశ్చింతగా త్రాగవచ్చు. భోజనశాలల్లో మేకమాంసం, చేపలు ప్రధానం. ‘ఫున్చి’ అనే మొక్కజొన్నపిండి వంటకం మన సంకటికి దగ్గర చుట్టం. అయినా వారం రోజులు శాకాహారంతో గడపదలచినవారికి సొంత పొయ్యి ఉండడం మేలు. బియ్యం, పప్పు దొరుకుతాయి. ఆవకాయ మాత్రం వెంట ఉండాలి.

ఇప్పుడు, బస కుదుర్చుకొనేటప్పుడు పెద్దలే అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. లోతున అధిక పీడనంలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలోను, కండరాలలోను కరుగుతుంది. డైవరు నెమ్మదిగా పైకి వస్తే అది ఊపిరి ద్వారా క్రమంగా వెలుపలికి పోతుంది. తొందరపడితే గోలీసోడా కొట్టినప్పటివలె ఒంట్లో బుడగలు పుడతాయి. దీనిని ‘బెండ్స్’ అంటారు. నియమాలు పాటించినవారికి కూడా అరుదుగా రావచ్చు. కీళ్లనొప్పి, చేతులు కాళ్లు తిమ్మిరెక్కడం, చర్మంపై మచ్చలు, కారణం లేని విపరీతమైన అలసట దీని లక్షణాలు. నీటిలోనుండి వచ్చిన కొన్ని గంటల తరువాత కూడా బయటపడవచ్చు. ‘బరువు మోశాను, అందుకే నొప్పి’ అని దాచుకొనే యువకులే ఎక్కువ. ప్రక్కన ఉన్న తల్లిదండ్రులకు ఈ లక్షణాలు తెలిసి ఉంటే చాలా మేలు. వెంటనే ఆక్సిజన్ పట్టి, పీడన చికిత్స చేసే ఛాంబరుకు చేర్చాలి. క్రాలెండైక్ ఆసుపత్రిలో అటువంటి ఛాంబరు ఉన్నది. బసలో ఆక్సిజన్ ఉన్నదా, రాత్రివేళ ఎవరిని పిలవాలి, ఛాంబరు ఇప్పుడు పనిచేస్తున్నదా అని బయానా కట్టకముందే వ్రాసి తెలుసుకోవాలి. సూటిగా జవాబు ఇవ్వని హోటలును వదులుకోవడానికి నేను రెండవసారి ఆలోచించను. డైవింగ్ ప్రమాదాలకు వర్తించే బీమా పిల్లలిద్దరికీ ఉండడం తప్పనిసరి. సాధారణ ప్రయాణ బీమాలలో కొన్ని దీనిని మినహాయిస్తాయి.

ఎత్తుకు పోతే గాలి పీడనం తగ్గి ఇవే బుడగలు పుడతాయి. సాబా శిఖరాన్ని ఎక్కరాదన్నది అందుకే. విమానం విషయంలోను అంతే. అనేక దినాలు వరుసగా డైవింగ్ చేసినవారు చివరిసారి పైకి వచ్చిన తరువాత కనీసం 18 గంటలు విమానం ఎక్కరాదని వైద్యనిపుణుల సూచన. జాగ్రత్తపరులు 24 గంటలు ఆగుతారు. అనగా ఏడు రాత్రుల బసలో డైవింగ్‌కు మిగిలేవి ఆరు రోజులే. సిలిండర్ల ప్యాకేజీ ఏడు రోజులకు కొనడం వృథా వ్యయం.

మొదటి రోజు ఇతర పనులకు పోతుంది. 1979లో ఈ దీవి చుట్టూ ఉన్న సముద్రాన్ని రక్షిత ఉద్యానంగా ప్రకటించారు. రుసుము చెల్లించి, నియమాలు విని, బస వద్దనే ఒక పరిచయ డైవ్ చేసిన తరువాతనే మిగిలిన చోట్ల దిగనిస్తారు. స్నార్కెలింగ్ చేసే పెద్దలకు కూడా రుసుము ఉన్నది. ద్వీపప్రవేశ పన్ను వేరు. పగడాన్ని తాకరాదు, చేతితొడుగులు ధరించరాదు. 2023లో పగడాలను చంపే ఒక అంటువ్యాధి ఇక్కడ కనిపించింది. అప్పటినుండి సామానును క్రిమినాశక ద్రవంలో కడగవలసిందని కోరుతున్నారు. అందుకు తొట్టి ఉంచిన బసను ఎన్నుకోవడం ఆ సముద్రానికి మనం చేయగల చిన్న ఉపకారం.

ఋతువు గురించి ఒక మాట. బొనేర్ తుఫానుల దారికి దక్షిణాన ఉండడం వల్ల పెనుగాలులు అరుదు. అయినా 1999 నవంబరులో లెన్నీ అనే తుఫాను పడమరనుండి తూర్పుకు నడచి, ప్రశాంతమైన తీరాన్నే కెరటాలతో కొట్టింది. డిసెంబరు నుండి ఏప్రిల్ మధ్యవరకు గదుల ధరలు అధికం. మన ఉద్యోగులు విదేశయాత్రకు అనుమతి పత్రం చేతికి వచ్చేవరకు, రద్దు చేసుకొంటే సొమ్ము తిరిగి ఇచ్చే గదినే తీసుకోవాలి.

డైవింగ్ లేని ఆ చివరి రోజును పెద్దల పేర కేటాయించడం న్యాయం. ఆనాడు ట్రక్కులో సిలిండర్లు ఉండవు గనుక అందరూ కలిసి దక్షిణానికి పోవచ్చు. గులాబీరంగు ఉప్పుమడులు, తెల్లని ఉప్పుగుట్టలు, రాజహంసలను పోలిన ఫ్లెమింగోలు అక్కడ ఉంటాయి. సముద్రం ఒడ్డున, మనిషి వంగి దూరవలసిన చిన్న రాతిగూళ్లు వరుసగా కనిపిస్తాయి. అవి ఉప్పు పనిలో ఉన్న బానిసల కోసం 1850లో కట్టినవి. 1863లో డచ్చివారు బానిసత్వాన్ని రద్దు చేసేవరకు వారు ఆ గూళ్లలో తలదాచుకొన్నారు. సాయంకాలానికి బసకు చేరి, ఉదయమే కడిగి ఆరవేసిన రబ్బరు దుస్తులను సర్దుకోవాలి. తడిసినవి ఆరకపోతే విమానంలో సామాను బరువు పెరుగుతుంది. ఆరవేయడానికి గాలి తగిలే వసారా ఉన్నదో లేదో కూడా, బయానా కట్టకముందే అడిగి ఉంచడం మంచిది.