వేడి చేసిందిలే!

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ జబ్బుల్లో సగానికి ఒకటే పేరు: వేడి చేసింది. మా పెద్దమ్మ పైరెప్ప మీద గింజంత గడ్డ లేచినప్పుడు అందరం అదే అన్నాం. చూపుడువేలు అరచేతిలో రుద్ది వెచ్చగా అద్దుకోమని సలహా ఇచ్చింది నేనే.

తగ్గలేదు. ఊళ్ళో డాక్టరుగారు చిన్న ఆపరేషను చేసి తీశారు. నాలుగు నెలలకి మళ్ళీ అక్కడే లేచింది. మళ్ళీ తీశారు. రెండుసార్లూ తీసిన ముక్క చెత్తబుట్టలోకే పోయింది. పరీక్షకి పంపుదామని ఆయన అనలేదు, అడగాలని మాకు తెలీదు. మూడోసారి లేచేసరికి అక్కడ రెప్పవెంట్రుకలు రాలిపోయాయి. "తలమీదే నిలవట్లేదు, రెప్పమీద నిలుస్తాయా!" అని నవ్వేసింది పెద్దమ్మ. పండగ వెళ్ళనీ, మనవరాలి పురుడు వెళ్ళనీ అంటూ ఇంకో ఆర్నెల్లు గడిపేసింది. చివరికి పట్నం తీసుకెళ్ళి ముక్క పరీక్ష చేయిస్తే తేలింది, అది రెప్పలోని నూనె గ్రంథుల కేన్సరు.

అరుదైన జబ్బు, మన ఖర్మ అన్నారు చుట్టాలు. నేనొప్పుకోను. పాశ్చాత్య దేశాల్లో ఇది అరుదే, అక్కడ రెప్ప కేన్సర్లలో ఎక్కువ భాగం బేసల్ సెల్ రకం. మన దేశంలో మాత్రం రెప్ప కేన్సర్లలో ఇది ముందు వరసలోనే ఉంటుంది. పైగా పగటివేషగాడు. ఒకరికి కంటికురుపులా, ఇంకొకరికి ఎంతకీ తగ్గని కండ్లకలకలా కనిపిస్తుంది. చెవి ముందు బిళ్ళలకి పాకగలదు. ముదిరితే కన్నే తీసెయ్యాల్సి రావచ్చు.

"ప్రతి కురుపుకీ కేన్సరని భయపెడతావా?" అంటారేమో. లేదండీ. చాలా కురుపులు వేడి కాపడానికే తగ్గిపోతాయి. నా పోరంతా నడివయసు దాటినవాళ్ళకి అదే చోట మళ్ళీ మళ్ళీ లేచే గడ్డ గురించే. అక్కడ వెంట్రుకలు రాలితే ఇంక పండగా లేదు, పురుడూ లేదు.

కంసాలి దగ్గర తరుగు ఎంత పోయిందని గీచి గీచి అడిగే మనం, కంటిమీంచి తీసిన ముక్క ఎటు పోయిందని అడగమా? ల్యాబుకి పంపమనండి. విసుక్కున్నా సరే, రిపోర్టు చేతికి వచ్చేదాకా అడగండి.

పెద్దమ్మకి కన్ను దక్కింది. రెప్ప సగం పోయింది, మళ్ళీ కట్టారు. మొదటిసారే అడిగి ఉంటే ఆ సగమూ మిగిలేదేమో.